బోధన్ దారిలో తాడు విప్పిన తలుపు

బోధన్ కోత పండుగకు బస్సులో పోదామన్నది నేను. కారులో పోదామన్నది మా ఆయన. నిజామాబాద్ నుంచి బోధన్ పాతిక కిలోమీటర్లకు కొంచెం పైన. ప్రతి ఏడూ బస్సులోనే పోయి వచ్చేవాళ్ళం. చెరకు ఆడే కాలంలో అక్కడి చర్చిలో జరిగే ఈ పండుగకు ఎవరి చేనులో పండింది వాళ్ళు తెచ్చి దేవుని ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. మా ఆయన ఒకప్పుడు బోధన్ బడిలో పాఠాలు చెప్పారు. ఈసారి ఆ పాతవాళ్ళ ముందు సొంత కారు దిగాలని ఆయన కోరిక. కోరిక తప్పని నేననను. తప్పు ఎక్కడుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. చిన్న పిల్లలతో, చిన్న కారులో ఈ దారిన పోవాలనుకునేవాళ్ళకు పనికొస్తుంది. నాకు గొంతెత్తి మాట్లాడే అలవాటు లేదు, కాబట్టి కాస్త కోపంగా రాస్తే మన్నించాలి.

మాది రెండు తలుపుల చిన్న కారు. బదిలీ మీద పోతున్న ఒక డాక్టరు గారి దగ్గర కొన్నాం. కొత్త కారుకు పేరు రాయించుకుంటే ఏళ్ళ తరబడి ఎదురుచూడాల్సిన రోజులివి. అందుకని కారు దొరకడమే భాగ్యమనుకొని, దాన్ని తట్టి చూసి కొనేవాళ్ళు కూడా లేరు. బ్రేకు రెండుసార్లు తొక్కితే గాని పట్టదు. దానికన్నా పెద్ద చిక్కు తలుపులు. వాటి కీళ్ళు వెనకవైపున ఉంటాయి, ముందు అంచు తెరుచుకుంటుంది. కారు పోతుండగా గొళ్ళెం జారిందంటే ఎదురుగాలే తలుపును లాగి బార్లా తెరుస్తుంది. దొంగ భయానికి మనం ఇంటి తలుపుకు పైనొక గడియ, కిందొక గడియ పెట్టుకుంటాం. పసిపిల్ల ఆనుకొని కూర్చునే తలుపుకు మాత్రం వేలెడు ఇనుపముక్క చాలనుకున్నారు, ఈ కారు చేసిన పెద్దమనుషులు. ఎడమ తలుపు గొళ్ళెం అరిగిపోయిందని రెండు నెలల కిందే మెకానిక్ చెప్పాడు. కొత్తది హైదరాబాదు నుంచి తెప్పించాలన్నాడు. "అందాక తాడుతోని కట్టుండ్రి సారు, విప్పకుండ్రి" అని కూడా అన్నాడు. గొళ్ళెం తెప్పించడం మా ఆయన మరిచిపోతూనే వచ్చారు. తాడు ఒక్కటే మిగిలింది.

మా మనుమరాలు రూతుకు అయిదేళ్ళు. వాళ్ళమ్మ, అంటే మా బిడ్డ, హైదరాబాదు ఆసుపత్రిలో నర్సు. డ్యూటీల వల్ల పిల్లను మా దగ్గర వదిలింది. ఆ ఆదివారం చర్చిలో రూతు ఒక వాక్యం అప్పజెప్పాలి. వారం నుంచి నేను పొయ్యి ఊదుతుంటే పక్కన కూర్చొని నాకు వినిపిస్తూనే ఉంది. పండుగకు మా పెరట్లో కాసిన పెద్ద గుమ్మడికాయ తీసుకుపోతున్నాం. వెనక సీటు నిండా బియ్యం సంచి, వంటగిన్నెలు. అందుకని ముందు సీట్లో నేను, నా మోకాళ్ళ మధ్య రూతు, తలుపు పక్కన కాళ్ళ దగ్గర గుమ్మడికాయ.

ఉదయం ఏడున్నరకు ఇంటిముందు కారులో కూర్చొనే ప్రార్థన చేసుకొని బయలుదేరాం. మా ఆయన ప్రార్థన పొడుగ్గానే చేశారు. కళ్ళు తెరవగానే నేను తలుపు తాడు చూసుకున్నాను. లోపలి పిడి నుంచి నా సీటు కింది ఇనుప కడ్డీ దాకా రెండు చుట్లు. "గింత ప్రార్థన జేసినంక ఇంక తాడు దిక్కు జూస్తవేంది" అన్నారాయన. నేను మాట్లాడలేదు. మాట్లాడవలసింది.

సారంగాపూర్ దాకా రోడ్డు ఖాళీ, పలచని మంచు. జానకంపేట రైలు పట్టాల దగ్గర గేటు పడి పావుగంట ఆగాం. అక్కడి నుంచి రెండువైపులా చెరకే. కాలవ పక్క మళ్ళలో కూలీలు అప్పటికే గడలు నరుకుతున్నారు. ఎనిమిదిన్నరకు ఎడపల్లిలో చాయ్ తాగడానికి దిగాం. రెండు చాయ్‌లు, పిల్లకు పాలు, తలా రెండు బజ్జీలు, అంతా కలిపి రూపాయి లోపే. ఆ హోటలులో బజ్జీలు వేడిగా, మంచిగా ఉంటాయి, ఆగడానికి అనువైన చోటు. నేను దిగాలంటే ముందు తాడు విప్పాలి కదా. మా ఆయన అటు తిరిగి వచ్చి, వంగి, కిటికీలోంచి చెయ్యి పెట్టి ముడి విప్పుతుంటే బాండీ దగ్గరున్న వంటాయన జల్లి గరిటె ఎత్తిపట్టి చూస్తూ నిలబడ్డాడు.

"ఏంది సారు, అమ్మను తాడేసి కట్టినవ్? ఉరుకుతదనా?"

బెంచీల మీద చాయ్ తాగుతున్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. మా ఆయన నవ్వలేదు. మళ్ళీ కారెక్కేటప్పుడు తాడు చుట్టి సీటు కింద పడేశారు.

"తాడు కట్టుండ్రి" అన్నాను.

"బోధన్ ఇంక ఎంత దూరం? చర్చి ముంగట మంది జూస్తుండంగ విప్పుకుంట కూసోవాల్నా? తలుపు గట్టిగేసిన. ప్రార్థన జేస్కొనే బయలెల్లినం గదా."

పిల్ల ముందు వాదన ఎందుకని ఊరుకున్నాను. ఊరుకోవడం మంచి గుణమని చిన్నప్పటి నుంచి నాకు నేర్పారు. ఆ రోజు అది మంచి గుణం కాదు.

ఊరు దాటి ఒకటి రెండు కిలోమీటర్లు పోయామో లేదో చెరకు బండ్ల వరస తగిలింది. ఫ్యాక్టరీకి పోయే ఎడ్లబండ్లు, ఒకదాని వెనక ఒకటి, ఇరవై దాకా ఉంటాయి. గడల కొసలు బండి వెనక రెండు మూరలు బయటికి వేలాడుతుంటాయి. ఈ ప్రాంతంలో ఒక అలవాటుంది. బండి పక్కన పోయేవాళ్ళెవరైనా ఒక గడ అడిగితే బండి తోలే మనిషి లాగి ఇస్తాడు, కాదనడు. రూతుకు అది తెలుసు. మేము మెల్లగా బండ్లను దాటుతుంటే, "మామా, ఒక గడ ఇయ్యవా" అంటూ కిటికీ వైపు వంగింది. దాని భుజం తలుపుకు ఆనింది.

తలుపు తెరుచుకుంది. చప్పుడు కూడా పెద్దగా కాలేదు. గాలి దాన్ని ఒక్క విసురుతో లాగింది. చల్లగాలి నా మొహానికి కొట్టింది, నా ముందు రోడ్డు కదిలిపోతోంది, రూతు సగం కారులో సగం బయట. నా చేతికి దాని గౌను వెనక పట్టీ దొరికింది. రెండు చేతులా పట్టుకొని వెనక్కు లాగాను. పట్టీ ఒకవైపు పటుక్కున తెగింది, రెండోవైపు కుట్టు ఆగింది. పిల్ల నా ఒళ్ళో పడ్డాక అదీ ఊడి పట్టీ నా చేతిలోకి వచ్చింది. కాళ్ళ దగ్గరున్న గుమ్మడికాయ దొర్లి బయటికి పోయింది. బ్రేకు రెండోసారి తొక్కితే గాని కారు ఆగలేదు. వెనక్కు తిరిగి చూసేసరికి బండి చక్రం గుమ్మడికాయ మీదుగా పోయింది. దారి మీద పసుప్పచ్చని గుజ్జు, గింజలు. దాన్ని చూడకూడదనుకున్నాను, కాని చూశాను.

బండి ఆపి దిగొచ్చిన మనిషికి నలభై ఏళ్ళుంటాయి, తలకు తువాలు. ముందు పిల్లను చూశాడు, తర్వాత తలుపును, చివరికి మా ఆయనను.

"దెబ్బ తాకిందా బిడ్డా? లేదా? మంచిగాయె. సారు, మా ఎడ్లబండికి సుత పక్కలకు కట్టెలుంటయ్ గద. గిసొంటి బండిల పోరిని ఎట్ల కూసోబెట్టినవ్?"

మా ఆయన, "గొళ్ళెం జారింది" అన్నారు.

"జారేదాన్ని గొళ్ళెమనరు" అని బండి తోలే మనిషి తన బండి నుంచి ఒక మోకు తెచ్చి తలుపును తానే కట్టాడు. మూడు చుట్లు, ఎద్దును కట్టే ముడి. "బోధన్ల మా బండ్ల చక్రాలకు ఇనుప పట్టాలేసే కమ్మరాయన ఉన్నడు. సీజన్ల ఐతారం సుత పని జేస్తడు. అడ్డగడియ పెట్టియ్యమనుండ్రి." పోతూ పోతూ ఒక లేత గడ లాగి రూతు చేతికిచ్చాడు. అది ఏడవడం అప్పుడు మొదలుపెట్టింది.

తొమ్మిదిన్నరకు చర్చి చేరాం. రూతు వాక్యం చెప్పింది, మధ్యలో ఒకచోట ఆగి మళ్ళీ అందుకుంది. చివర సాక్ష్యాల సమయం వచ్చింది. మా సంఘంలో ఆ వారం దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకుంటాం. మా ఆయన లేచారు. దారిలో తలుపు తెరుచుకోవడం, పిల్ల పడబోవడం, దేవుని చెయ్యి దాన్ని పట్టుకోవడం, అన్నీ చక్కగా చెప్పారు. బడిపంతులు కదా, చెప్పడం వచ్చు. జనం స్తోత్రం అన్నారు. పక్కనున్న ముసలమ్మ కళ్ళు తుడుచుకుంది. అందులో తాడు సంగతి లేదు. అరిగిన గొళ్ళెం లేదు, రెండు నెలలు లేవు.

ముప్పై ఏళ్ళుగా సంఘంలో కూర్చుంటున్నాను, పాటలకు తప్ప నోరు తెరిచిన దాన్ని కాను. లేచి నిలబడ్డాను. తెగిన పట్టీ ఇంకా నా గుప్పిట్లోనే ఉంది.

"దేవుడు కాపాడిండు, నిజమే" అన్నాను. "గని తాడు ఇప్పింది దేవుడు గాదు. తలుపు పాడైందని మాకు రెండు నెలల సంది ఎరికే. బాగు చేయించలే. తాడుతోని కడితే మంది నవ్విండ్రని తాడు ఇప్పినం. ఇప్పుతుంటే నేను చూసుకుంట ఊకున్న. మేం చేయాల్సిన పని దేవుని మీద ఏసి, అది చాలక ఆయనకు స్తోత్రమంటున్నం. నాకు సిగ్గయితుంది."

ముసలమ్మ నా కొంగు పట్టి కూర్చోబెట్టి, "మంచిగ చెప్పినవ్ బిడ్డా, మంచిగ చెప్పినవ్" అంది.

వేలం, భోజనాలు అయ్యాక పాస్టరు గారు బయటికి వచ్చి కారు కోసం ప్రార్థన చేస్తానన్నారు. "చేయండి అయ్యగారూ. పిల్ల మాత్రం బస్సులో వస్తది" అన్నాను. మా ఆయన నన్ను వేపచెట్టు కిందికి పిలిచారు.

"ఇరవై ఏండ్ల సంది ఎరికైనోళ్ళ ముంగట నా పరువు తీసినవ్."

"పరువు కిందపడితే మళ్ళ ఎత్తుకోవచ్చు" అన్నాను. "దారి మీద ఏం పడ్డదో మీరు సూసిండ్రు గద."

రూతు, నేను నడిచి బస్టాండుకు పోయి రెండున్నర బస్సెక్కాం. నాకు టికెట్టు రూపాయి లోపే, పిల్లకు అడగలేదు. గంటకు పైగా పట్టింది. దారంతా చెరకు మడ్డి వాసన. గడ చేతిలో పట్టుకొనే పిల్ల నిద్రపోయింది.

మా ఆయన సాయంత్రం ఆరింటికి వచ్చారు. లోపలికి రాకుండా వాకిట్లోంచే నన్ను పిలిచారు. తలుపుకు లోపలివైపు జానెడు పొడుగు ఇనుప గడియ, బండి పట్టా ముక్కతో చేసింది, నాలుగు బోల్టులతో బిగించి ఉంది. కారుకు అందమేమీ ఇవ్వదు. భుజంతో నెట్టి చూశాను, కదల్లేదు. "రెండు నెలల కిందనే చేయించేది ఉండె" అన్నారాయన, నా మొహం చూడకుండా.

ఇప్పుడు మేము ఆ కారులోనే తిరుగుతున్నాం. ప్రయాణానికి ముందు ప్రార్థన ఇప్పటికీ చేస్తాం. తలుపు చూసుకున్న తర్వాత చేస్తాం. కారు చేసినవాళ్ళ మీద నా కోపం తగ్గలేదు. అరిగిన వస్తువును అమ్మేటప్పుడు ఒక్క మాట చెప్పనివాళ్ళ మీదా తగ్గలేదు. మా ఇద్దరి మీద కూడా కొంత ఉంది. అది ఉండటమే మంచిది. రూతు గౌనుకు కొత్త పట్టీ కుట్టాను. తెగిన పట్టీని కారు తాళంచెవికి కట్టాను. బండి తియ్యాలంటే మా ఆయన ముందు దాన్ని పట్టుకోవాలి. విప్పెయ్యమని ఆయన ఇంతవరకు అడగలేదు.

ఈ దారిన పోయేవాళ్ళకు ఒక్క మాట: పాత చిన్న కారు ఏదైనా సరే, ఎక్కాక తలుపును లోపలి నుంచి భుజంతో గట్టిగా ఒకసారి నెట్టండి. వెంట్రుకవాసి కదిలినా తాడుతో కట్టండి, చక్రాలు పూర్తిగా ఆగేదాకా విప్పకండి, నవ్వేవాళ్ళను నవ్వనివ్వండి.