చెయ్యెత్తి రోడ్డు దాటిన లెక్క

మొన్న పొద్దున్నే కబురొచ్చింది, మా పక్కింటి లెక్కల టీచరమ్మ నిద్రలోనే పోయారని. డెబ్బై దాటిన మనిషి. కళ్ళు తుడుచుకుంటూనే ఆవిడ మాట గుర్తొచ్చి నవ్వుకున్నాను: "దారి పొట్టిదా పొడుగుదా అని కాదండీ, గ్లాసులో టీ తొణక్కూడదు."

అది కారు గురించి అన్న మాట. మెట్టుగూడలో ప్రతి మేడ మీదా సాఫ్ట్‌వేరు పిల్లలు అద్దెకున్న రోజులవి. నా టైపు ఇన్‌స్టిట్యూటు పోయి అక్కడ కర్రీ పాయింటు వచ్చింది. (ఆ టైపు మిషన్లు ఏమయ్యాయన్నది వేరే రామాయణం, ఇప్పుడొద్దు.) స్కూల్లో రిటైరైన టీచరమ్మని ఆవిడ పాత స్టూడెంటొకమ్మాయి తన కంపెనీకి పిలిచింది. డ్రైవరు లేని కారుకి దారి లెక్కకట్టే పని. ఈవిడకా, సైకిలు కూడా రాదు!

సాయంత్రాలు పిట్టగోడ మీద టీ గ్లాసు పెట్టి చెప్పేవారు. "అన్నయ్యగారూ, గీత గీస్తే దారి కాదు. ఏ క్షణానికి ఆ గీత మీద ఎక్కడుంటామో కూడా చెప్పాలి." పొట్లాల కాగితాలు చదివి పైకొచ్చినవాణ్ణి, నాక్కూడా ఎక్కేది.

నేరేడ్‌మెట్ దగ్గర ఖాళీ స్థలంలో సున్నంతో కూడలి గీసి, అడ్డంగా ఆఫీసు పిల్లల చేత స్కూటర్లు నడిపించి, డ్రైవరు లేని చిన్న బండిని వదిలారు. బండి కూడలి ముందు ఆగింది. ఆగిందంటే ఆగింది. సందే దొరకదు దానికి.

వాచ్‌మన్ అన్నాడు, "ఏందమ్మా, బొట్టు వెట్టి పిలిస్తెనే వస్తదా ఏంది మీ బండి?"

వారంలో కదలకపోతే ఆ పని ఆపేస్తామన్నారు పైవాళ్ళు. ఆ సాయంత్రం టీ చల్లారిపోయింది. "ఇన్నేళ్ళూ బోర్డు మీద రాయడం, తుడిచెయ్యడం. ఒక్క లెక్కయినా లేచి నడిస్తే చూడాలనుందండీ."

ఆదివారం ఆవిడ చర్చికి, నేను కూరలకి బయల్దేరాం. రోడ్డు దాటడం మనకి తెలిసిందే కదా: అరచెయ్యి ఎత్తి, ఎవరి మొహమూ చూడకుండా అడుగెయ్యడమే. వేశారు. బస్సు తగ్గింది, లారీ తగ్గింది. నడిరోడ్డు మీద ఎత్తిన చెయ్యి చూసుకుంటూ ఆగిపోయారు!

"అమ్మా, జెర జరుగు! ధ్యానం ఇంటికాడ చేస్కో!" అని ఆటోవాడి కేక.

"దొరికిందండీ!" అన్నారు నాతో. "మనమేం చేసినా ఎదుటివాళ్ళు వాళ్ళ స్పీడులోనే పోతారని రాశాను. కాదు! మనం అడుగేస్తే వాళ్ళు తగ్గుతారు. వాళ్ళ లెక్కలో మన అడుగుని కూడా కలపాలి."

"దొరికింది గద, ఇగ నడువమ్మా!"

లెక్క మార్చి రాశాక, ఈసారి అదే సున్నం కూడలిలో పైవాళ్ళందరూ చూస్తుండగా బండి ముక్కు కాస్త ముందుకు పెట్టి ఆగింది. స్కూటరు తగ్గింది. ఇంకాస్త. ఇంకో స్కూటరు తగ్గింది. దాటేసింది! దాని వెనకే పరుగెత్తారు టీచరమ్మ, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తి. చుట్టూ ఒకటే చప్పట్లు. ఆ తర్వాత కంపెనీ వేరే పనుల్లో పడిందనుకోండి. ఆవిడకేం బెంగ లేదు. "నడిచింది, చూశాను" అనేవారు.

నిన్న ఆవిడ శవపేటిక ఉన్న వ్యాను మెట్టుగూడ రోడ్డెక్కబోయి ఆగిపోయింది. బస్సులు, ఆటోలు, సందు లేదు. నేను దిగి చెయ్యెత్తాను. నన్ను చూసేవాడెవడు? ఈలోగా వ్యాను ముక్కు కాస్త ముందుకు జరిగింది. ఓ ఆటో తగ్గింది. ఇంకాస్త జరిగింది. బస్సు ఆగింది. పేటిక మీద దండలో పువ్వు కదలకుండా వ్యాను అవతలికి వెళ్ళిపోయింది. నేనింకా ఇవతలే, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే.