చెప్పుల వరుస

బందరు బస్టాండులో అవనిగడ్డ బస్సు ఇంకా ఆగకముందే మా మరదలు కేక వేసింది.

"వదినా, వెయ్యండి వదినా! కర్చీఫ్ వెయ్యండి!"

ఆవిడ చంకలో పిల్ల, భుజాన రెండు సంచులు, పక్కన కదలకుండా నేను. మేనకోడలికి చెవులు కుట్టించడానికి మోపిదేవి వెళ్తున్నాం. మా తమ్ముడు ముందురోజే వెళ్ళి అక్కడ ఏర్పాట్లు చూసుకుంటున్నాడు. ఆడవాళ్ళకి టికెట్ తీసేశాక ఆ రూట్లో కూర్చుని వెళ్ళాలంటే పెట్టిపుట్టాలి. నా చేతిలో కర్చీఫ్ ఉంది. కిటికీ సరిగ్గా నా ముక్కు ముందే ఆగింది. అయినా వెయ్యలేదు.

ఎవరో పుణ్యాత్మురాలు పసిపిల్లను చూసి మరదలికి చోటిచ్చింది. నేను కడ్డీ పట్టుకుని వేలాడాను. చల్లపల్లి దగ్గర పడుతుండగా మరదలు పక్కావిడతో, "మా వదిన నాలుగు దేశాలు బస్సుల్లో తిరిగొచ్చారండీ, ఒక్కరే. మోపిదేవికి మాత్రం ఒక సీటు ఆపలేకపోయారు," అంది. నాకు వినపడాలనే అంది. బస్సులో సగంమంది తలలు తిప్పి నన్ను చూశారు. నేను కిటికీలోంచి వరిచేలు చూస్తున్నట్టు నటించాను.

నిజానికి కర్చీఫ్ వెయ్యడంలో నన్ను మించినవాళ్ళు దివిసీమలో ఉండేవారు కాదు. నాగాయలంక పక్కన మా ఊరి నుంచి అవనిగడ్డ కాలేజీకి డిగ్రీ అయ్యేదాకా బస్సులోనే తిరిగాను. ఉత్త కర్చీఫ్ గాలికి తేలిపోతుంది. అందుకని మూలన చింతపిక్క పెట్టి ముడివేసేదాన్ని. బస్సు మలుపు తిరుగుతుండగానే పక్కన పరిగెత్తి విసిరితే సీటు నడిమధ్యన పడేది. తర్వాత తీరిగ్గా ఎక్కేదాన్ని. రొయ్యల చెరువుల ఆసాములైనా, ఊరి పెద్దలైనా ఆ గుడ్డముక్కను చూసి పక్కకి జరగాల్సిందే. ఎవరైనా తీసేసి కూర్చున్నారా, బస్సు బస్సంతా నా తరఫున లేచేది. "కర్చీఫ్ కనపడ్డం లేదేంటండీ మీకు?" అని వెనక సీటు వాళ్ళు కూడా దులిపేసేవాళ్ళు.

ఆ పొగరు ఎక్కడికి పోతుంది? గుడివాడలో కాలేజీలో లెక్కలు చెప్పుకునే నేను, ఒక వేసవి సెలవుల్లో వీపున సంచి తగిలించుకుని ఒక్కదాన్నే బయలుదేరాను. వియత్నాం, లావోస్, థాయిలాండ్, కంబోడియా. టూరిస్టుల ఏసీ బస్సులు వద్దు, ఊళ్ళో జనం ఎక్కే బస్సే ఎక్కుతానని పంతం. "తప్పిపోతారేమో మేడమ్" అని ఎవరో అంటే, "దివిసీమ బస్సుల్లో పెరిగినదాన్నండీ, బస్సెక్కడం నాకు ఒకరు నేర్పాలా?" అన్నాను స్టాఫ్‌రూములో అందరి ముందూ. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

వియత్నాంలో అంతా బాగానే గడిచింది. కోళ్ళ బుట్టల మధ్య కూర్చున్నాను, ఉల్లిపాయల బస్తాల మీద కునుకు తీశాను, నా భుజం నేనే తట్టుకున్నాను. తర్వాత లావోస్‌కి వచ్చాను.

ఉత్తరాన కొండల్లో ఒక చిన్న ఊరు. అక్కడి నుంచి కింద పట్నానికి రోజుకి ఒకటే బస్సు. పొద్దున్నే బస్టాండుకి వెళ్ళాను. రేకుల షెడ్డు, మూసి ఉన్న టికెట్ కిటికీ. దాని ముందు గచ్చు మీద వరుసగా చెప్పులు. హవాయి చెప్పులు, ప్లాస్టిక్ చెప్పులు, చివర్లో ఒక ఆడజత, దానికి ఆనుకుని ఒక మగజత. మనుషులు మాత్రం లేరు. అందరూ అవతల నీడలో బెంచీల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు.

నాకు వెంటనే మోపిదేవి గుడి గుర్తొచ్చింది. ఇన్ని చెప్పులు బయట విడిచారంటే లోపల దేవుడున్నట్టే కదా. కిటికీ పక్కన గోడకి నిజంగానే బుద్ధుడి పటం ఉంది, దానికి పూలదండ కూడా వేసి ఉంది. పరాయి దేశం వచ్చినప్పుడు వాళ్ళ ఆచారం మనమూ పాటించాలి అనుకుని బూట్లు విప్పాను. ఎవరి చెప్పులకీ తగలకుండా ఎడంగా గోడవారన పెట్టాను. ఆ వరుస పక్కనుంచి ఉత్త కాళ్ళతో నడిచి, పటానికి భక్తిగా దణ్ణం పెట్టి, కిటికీకి ఆనుకుని నిలబడ్డాను. బెంచీల మీద కబుర్లు ఆగిపోయాయి. అంతా నన్నే చూస్తున్నారు. నా సంస్కారానికి ముచ్చటపడుతున్నారనుకున్నాను.

కిటికీ తెరుచుకుంది. మొదటి టికెట్ నాది. గర్వంగా బూట్లు తొడుక్కుని వెళ్ళి, బస్సులో మంచి కిటికీ సీటు చూసుకుని కూర్చున్నాను.

బస్సు నిండుతోంది. కిందకి చూస్తే, టికెట్ కిటికీ దగ్గర ఒక పెద్దావిడ ఒక ముసలాయన చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. ఆయన మెడ కొంచెం పైకెత్తి, మాట వినపడిన వైపల్లా తల తిప్పుతున్నాడు. చూపు లేదని తెలిసిపోతోంది. టికెట్లిచ్చే మనిషి ఒక వేలు చూపించి తల అడ్డంగా ఊపాడు. ఆవిడ గచ్చు మీది రెండు జతల చెప్పులు చూపించింది. అతను బస్సు వైపు, అంటే నా వైపు, చూసి చేతులు తిప్పేశాడు. ఆవిడ వంగి మగజతను ఆయన పాదాల ముందు సర్ది, తనవి తొడుక్కుంది.

నా పక్కన కూర్చున్నది ఒక కాలేజీ అమ్మాయి. ఏం జరిగిందని సైగ చేస్తే కాసేపు మొహమాటపడింది. తర్వాత ఫోన్లో తన భాషలో ఏదో రాసి, ఇంగ్లీషులోకి మార్చి నా ముందు పెట్టింది. ఇక్కడ మనుషులు ఎండలో నిలబడరు, చెప్పులే వరుసలో ఉంటాయి. మీరు అందరినీ దాటి వెళ్ళారు. వాళ్ళిద్దరికీ రెండు సీట్లు ఉండాలి, ఒకటే మిగిలింది. రేపు పొద్దున పట్నం ఆసుపత్రిలో కళ్ళ ఆపరేషన్లు. డాక్టర్లు రాజధాని నుంచి ఎప్పుడో గానీ రారు.

చదువుతుంటే నా మొహంలోకి రక్తం తన్నుకొచ్చింది. బస్సు కిటికీలో గుడ్డముక్క పడితే ఊళ్ళేలినంత హక్కు అనుకున్నదాన్ని, నేలమీద అంతమంది హక్కు బారుగా పరిచి ఉంటే దాన్ని దాటుకుని వెళ్ళి దణ్ణం పెట్టాను. వాళ్ళు మర్యాదస్తులు కాబట్టి ఊరుకున్నారు. అవనిగడ్డలో ఎవరైనా నా కర్చీఫ్ మీద కూర్చుని ఉంటే వాళ్ళ ఏడు తరాలనీ కడిగేసేదాన్ని.

గబగబా లేచాను. నా సీటూ, ఆ మిగిలినదీ కలిస్తే ఇద్దరూ వెళ్ళొచ్చు. సంచి తగిలించుకుని దిగుతూ, నా సీటు పోకుండా ఏం చేశానో తెలుసా? జేబులోంచి కర్చీఫ్ తీసి సీటు మీద పరిచాను. ఆ అమ్మాయిని కాస్త చూస్తుండమని సైగ చేసినా సరిపోయేది. చెయ్యలేదు. కర్చీఫ్ ఉండగా కాపలా ఎందుకు?

పరిగెత్తి ఆ పెద్దావిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ బెదిరిపోయింది. నా టికెట్ ఆవిడ చేతిలో కుక్కి, ఇద్దరినీ చూపించి, బస్సుని చూపించి, నన్ను నేను చూపించుకుని, చేతులు జోడించాను. అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ఆవిడ మొహం విప్పారింది. ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన నా చెయ్యి కోసం గాలిలో వెతికి, పట్టుకుని నొక్కాడు. ఆయన్ని నడిపించుకుంటూ మెల్లగా బస్సు దగ్గరికి తెచ్చాం.

నా సీట్లో పసిబిడ్డతో ఒక తల్లి కూర్చుని ఉంది. మిగిలిన ఒక్క సీట్లోనూ ఎవరో సర్దుకున్నారు. ఆలస్యంగా వచ్చి, టికెట్ లేకుండా బస్సు పక్కన ఎదురుచూస్తున్నవాళ్ళు, నేను సంచితో సహా దిగిపోవడం చూసి వెళ్ళిపోయాననుకుని ఎక్కారు. అందులో వాళ్ళ తప్పేముంది? ఆ తల్లి నన్ను చూసి నవ్వింది. నా కర్చీఫ్ నాలుగు మడతలు పెట్టి ఉంచింది. పారేసుకున్న వస్తువు దొరికిందన్న సంతోషంతో, కిటికీలోంచి రెండు చేతులతో భద్రంగా నాకు అందించింది. బస్సు కదిలింది.

ఆ షెడ్డు కింద ముగ్గురం మిగిలాం. నాకు ఏడుపొచ్చింది. పెద్దావిడ నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, వెదురుబుట్ట మూత తీసి, జిగురు అన్నం ముద్ద చేసి నా చేతిలో పెట్టింది. దారిలో తినడానికి తెచ్చుకున్న అన్నం. వద్దనడానికి కూడా నాకు మొహం చెల్లలేదు. తిన్నాను. ఆ రాత్రి వాళ్ళెక్కడ పడుకున్నారో తెలీదు. నేను మాత్రం లాడ్జిలో మంచం మీదే పడుకున్నాను.

మర్నాడు నేను వెళ్ళేసరికి గచ్చు మీద రెండే జతలు ఉన్నాయి, వాళ్ళవే. నేను బూట్లు విప్పి వాటి వెనక పెట్టాను. ఆవిడ బెంచీ మీంచి లేచి వచ్చింది. నా బూట్లు తీసి, మట్టి దులిపి, వాళ్ళ చెప్పుల ముందు పెట్టింది. నేను వెనక్కి జరపబోతే చేతి మీద మెల్లగా కొట్టింది, అతిథివి కదా అన్నట్టు. ఆ రోజు బస్సులో సగం సీట్లు ఖాళీ.

సాయంత్రానికి పట్నం చేరాం. డాక్టర్లు ఇంకా ఉంటారని దారంతా నాకు నేను చెప్పుకున్నాను. బస్సు ఆసుపత్రి ముందు ఆగింది, వాళ్ళిద్దరూ దిగారు. లోపల షామియానా విప్పి కర్రలు ఒకచోట పేరుస్తున్నారు. ఒక కంటికి తెల్లటి కట్టుతో కొందరు ఇళ్ళకి వెళ్ళిపోతున్నారు. గేటు దగ్గరి మనిషి ఆవిడ అడిగినదానికి చెయ్యి అడ్డంగా ఊపాడు.  నేను దిగాలి. దిగి ఏం చెప్పాలో, ఏం చెయ్యాలో తెలియక, సిగ్గుతో సీటుకి అతుక్కుపోయాను. బస్సు మళ్ళీ బయలుదేరింది.

అప్పుడు ఆవిడ వెనక్కి తిరిగింది. నేను చూస్తున్నానని తెలిసి, అంతా బాగానే ఉందన్నట్టు నవ్వుతూ చెయ్యి ఊపింది. ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన కూడా నవ్వుతూ చెయ్యి ఊపాడు, నేను లేని కిటికీ వైపు.