ఉప్పు తెలిసిన నాలుక

ఆ నవలను సగంలో మూసేశాను. అందులో సముద్రాన్ని ఆపే గోడ కట్టే మేస్త్రీ ఒకడు, అతని కొడుకు ఒకడు. కొడుక్కి ఒక శక్తి ఉంది: రాయిని నాలుకకు తాకిస్తే అది ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పగలడు. తండ్రి ఎదుట మాత్రం ఆ నాలుక లేవదు. గోడలో చెడ్డ రాయి పడిందని తెలిసి కూడా వాడు నోరు విప్పని చోట ఇక చదవలేకపోయాను.

మా నాన్న అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్‌లో ఇళ్లు కట్టే కాంట్రాక్టర్. నేను సివిల్ డిప్లొమా చేసి ఆయన దగ్గరే పనిచేస్తున్నాను. సైటులో ఆయన మాటకు ఎన్నడూ ఎదురు చెప్పలేదు.

మర్నాడు సిప్పీఘాట్‌లో స్లాబ్. నర్సుగా పనిచేసే ఒక దీదీ ఇల్లు. ఆమె మిక్సర్‌కు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, కూలీల కోసం బిర్యానీ పొయ్యి మీద పెట్టింది. ఇనుము కట్టడం అయింది. సెంట్రింగ్ సరిచూశాను. సిమెంటు, కంకర, ఇసుక సిద్ధం. నీళ్ల టాంకర్ మాత్రం రాలేదు. పడమర మబ్బు పట్టి నల్లబడుతోంది.

"క్రీక్ పక్కన బావి ఉంది కదేటి, మోటర్ ఎట్టండి," అన్నాడు నాన్న.

సముద్రపు పాయ పక్కన, సునామీకి కుంగిన నేల అది. పోటు వచ్చినప్పుడల్లా ఆ బావిలోకి సముద్రం వస్తుంది. కాంక్రీటులో ఉప్పు చేరితే లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, స్లాబ్ పగులుతుంది. కొన్నేళ్ల దాకా పైకి ఏమీ కనిపించదు.

పైపులో నీళ్లు వచ్చాయి. దోసిలి పట్టి నాలుకకు తాకించాను. ఉప్పు.

మిక్సర్ తిరుగుతోంది. కూలీ బకెట్ ఎత్తాడు. వెళ్లి ఇంజిన్ ఆపేశాను.

"క్యా హువా రే? వాన నీకోసం ఆగుద్దేటి?" నాన్న అరిచాడు.

"నీళ్లు ఉప్పగున్నాయి నాన్నా."

"ఓహో, ఇంజనీర్ సాబ్ నాలిక్కి అన్నీ తెలిసిపోతన్నాయి! ఇన్నేళ్లూ నాను ఇసకతో ఆడుకున్నానేటి?"

"ఇనుము తుప్పట్టుద్ది. దీదీ పిల్లలు దీని కిందే పడుకుంటారు."

దీదీ గరిటెతోనే వచ్చి నిలబడింది. నేను మగ్గు నింపి నాన్నకు అందించాను.

"నువ్వే చూడు."

అందరూ ఆయన నోటివైపే చూస్తున్నారు. నాన్న ఒక గుక్క నోట్లో పోసుకుని అలాగే ఉంచాడు. మింగలేదు. చివరికి పక్కకు ఉమ్మేశాడు.

"దీదీ, ఆజ్ నహీ హోగా. పానీ ఖరాబ్ హై."

కొబ్బరికాయ కొట్టాక పని ఆపడమా అని ఆమె మొహం పాలిపోయింది.

"బిర్యానీ తో ఖాకే జాయేంగే," అన్నాడు నాన్న, తినే వెళ్తామని ఆమెను నవ్వించబోతూ. ఎవరూ నవ్వలేదు.

టార్పాలిన్లు కప్పుతుండగానే వాన కురిసింది. ఇంటి ముందు స్కూటర్ దిగాక నాన్న, నా వైపు చూడకుండా, "రేపు టాంకర్‌వోడితో నువ్వే మాటాడు. ముందల నువ్వే రుచి చూడు," అన్నాడు. అది కోపమో కాదో ఇప్పటికీ తెలియదు.

తడిబట్టలు మార్చుకుని నవల తెరిచాను. మేస్త్రీ కొడుకు ఇంకా గోడ దగ్గరే, నోరు మూసుకుని నిలబడి ఉన్నాడు. పేజీ తిప్పాను.