పసుపు మెరుగు పెట్టిన కెమెరా

తోలు సంచి గుండీ విప్పగానే ముందుగా వచ్చింది పసుపు వాసన. పాత తోలు వాసన, బూజు వాసన దాని తర్వాతే. హైదరాబాదులో పాత కెమెరాల వేలం నడిపేవాళ్ళ దగ్గర నాది పరీక్ష చేసే పని. ఏది అసలు, ఏది నకిలీ, ఏది ఎంత పలుకుతుందో చెప్పి కింద సంతకం పెడతాను. నా బల్ల మీదికి ఎన్నో సంచులు వచ్చాయి కానీ పసుపు వాసన వేసింది ఇదొక్కటే. పోయిన నెల ఆర్మూర్‌లో మా బాపు ఫోటో స్టూడియో గది ఖాళీ చేస్తుంటే అటక మీద దొరికింది. పాత సామాన్లవాడికి వేసేశానని బాపు ఎప్పుడో చెప్పిన కెమెరా అది.

నా చిన్నతనమంతా పసుపులోనే గడిచింది. చలి తగ్గుముఖం పట్టగానే చేలల్లో తవ్వకాలు మొదలయ్యేవి, పెద్ద పెద్ద కడాయిల్లో కొమ్ములు ఉడుకుతుంటే మట్టీ ఘాటూ కలిసిన ఆవిరి ఇళ్ళలోకి, అన్నంలోకి, ఆరేసిన బట్టల్లోకి దూరేది, వేల్పూర్ దారి పొడుగునా కళ్ళాల్లో ఎండబోసిన కొమ్ముల మీద నడిచి నడిచి మేము పచ్చటి పాదాలతో బడికి పోయేవాళ్ళం. వానాకాలం మక్క గారెలు, బతుకమ్మకు పసుపు గౌరమ్మ, అరుగుల మీద చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతూ ఊరందరి గుట్టూ విప్పే అమ్మలక్కలు. మా ఊళ్ళో తెల్ల చొక్కా కొన్నవాడికి అది నెల రోజులు కూడా తెల్లగా ఉండేది కాదు.

ఎండిన కొమ్ము చూడటానికి వికారంగా ఉంటుంది. పైన పొట్టు, వేళ్ళ పీచు, మట్టి రంగు. దాన్ని డ్రమ్ముల్లో వేసి తిప్పి మెరుగు పెడితే తప్ప అంగడికి తీసుకుపోరు. మా నాయనమ్మ మాత్రం తన వాటా కొమ్ములను డ్రమ్ముకు ఇచ్చేది కాదు. గోనెసంచిలో పోసి, మూతి బిగించి, నా చేత, మా అమ్మ చేత నేల మీద అటూ ఇటూ రుద్దించేది. చివర్లో పిడికెడు పసుపు పొడి చల్లి మళ్ళీ రుద్దమనేది.

"మెరుగు వెట్టక తీస్కపోతె ఎవ్వడు మొఖం జూస్తడే?" అనేది.

గంజ్ అంగట్లో పసుపు కొనేవాడు మాత్రం ఆ మెరుపు తనకు కనపడనట్టే ఉండి, కొమ్మును పుటుక్కున విరిచి చప్పుడు వినేవాడు, లోపలి రంగు చూసేవాడు. ఈ రెండో సంగతిని నేనప్పుడు పట్టించుకోలేదు.

బాపు స్టూడియో బస్టాండు పక్కన ఒక గది. ఎర్ర బల్బు, ఫోటోలు కడిగే హైపో మందు వాసన, మంచు కొండలు గీసిన తెర, ఒకే ఒక్క నల్ల కోటు. దుబాయికి, మస్కట్‌కు పోయేవాళ్ళు పాస్‌పోర్టు ఫోటోల కోసం అక్కడికే వచ్చేవారు. లావువాడికి వీపున విప్పదీసి, సన్నవాడికి వెనక పిన్నులు గుచ్చి, పక్కనున్న మోర్తాడ్‌లో సగం ఊరిని బాపు ఆ ఒక్క కోటులోనే గల్ఫుకు సాగనంపాడు. "అందర్నీ పంపినవు, నువ్వెన్నడు పోతవన్నా?" అని ఎవరైనా ఆట పట్టిస్తే నన్ను దగ్గరికి లాక్కుని నవ్వి ఊరుకునేవాడు.

తొంభైల మొదట్లో ఆ నవ్వు తగ్గిపోయింది. అందరూ రంగు ఫోటోలే అడుగుతున్నారు. బాపు దగ్గర రంగు ఫోటోల సరంజామా లేదు, కొనే స్తోమతా లేదు. అమ్ముకోవడానికి ఉన్నదల్లా ఆయనకు పని నేర్పిన ఉస్తాద్ చనిపోయేముందు చేతిలో పెట్టిన జర్మనీ కెమెరా. ఒళ్ళంతా నల్ల రంగు, అంచుల్లో రంగు అరిగి ఇత్తడి బయటపడి, గజ్జి పట్టినట్టు ఉండేది. దాన్ని చూసిన బొంబాయి మనిషి ఒకాయన హైదరాబాదులో పాత కెమెరాల వేలం ఉందనీ, మంచి ధర వస్తుందనీ చెప్పిపోయాడు. ఆయన ఇంకేం చెప్పాడో బాపు ఇంట్లో అనలేదు. ఆదివారం తీసుకుపోవాలని మాత్రం అన్నాడు.

అమ్మ పొయ్యి ముందు కూర్చుని నాతో చెప్పింది. "గా కెమెరా అమ్ముడువోతె రంగుల కెమెరా కొంటడు. లేకుంటె దుబాయే బిడ్డా."

ఆ మాట నా గుండెలో పడింది. బాపు రోజూ వాడే కెమెరా తీసుకుని ఇందల్వాయికి పెళ్ళి ఫోటోలు తీయడానికి పోయిన శనివారం నేను ఆ కెమెరాను పెరట్లోకి తెచ్చుకున్నాను. అంగడికి పోయే వస్తువు మెరవాలి కదా. చింతపండు, బూడిద వేసి, గోనెపట్ట ముక్కతో పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా తోమాను. నల్ల రంగు పొరలు పొరలుగా లేచిపోతుంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను. చివరికి, కొమ్ములకు చల్లినట్టే, పిడికెడు పసుపు పొడి చల్లి మళ్ళీ రుద్దాను. నాయనమ్మ వచ్చి చూసి మెటికలు విరిచింది. "బంగారమోలె చేసినవే!"

సాయంత్రం బాపు వచ్చాడు. నేను రెండు చేతులతో అందించాను. ఆయన దాన్ని తిప్పి చూశాడు, నల్ల రంగు ఉండాల్సిన చోట బొటనవేలితో చాలాసేపు రుద్దాడు, సందుల్లో ఇరుక్కున్న పసుపును ఉఫ్ అని ఊదాడు. నేను మెచ్చుకోలు కోసం ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడ్డాను.

"మస్తు మెరుస్తున్నది బిడ్డా," అన్నాడు. "మంచిగ తోమినవ్."

ఆదివారం పోయి సోమవారం తిరిగి వచ్చాడు, కెమెరాతోనే. నాకు రిబ్బన్లు తెచ్చాడు. కాళ్ళు కడుక్కుంటూ, ఎవరి వైపూ చూడకుండా చెప్పాడు. "నకిలీదంట. రష్యా కెమెరా మీద ఎవడో జర్మనీ పేరు చెక్కిండంట. మా ఉస్తాదు మోసపోయిండు." అమ్మ ఆ ఉస్తాద్‌ను ఏడేడు తరాలూ కలిపి తిట్టింది. ఫోటోకు రోజూ అగరొత్తి వెలిగించి దండం పెట్టుకునే గురువును అన్నేసి మాటలంటుంటే బాపు తల వంచుకుని విన్నాడు. నేను కూడా ఆ ముసలాయన మీద పళ్ళు నూరాను.

రెండు నెలలకు బాపు దుబాయి కోసం పాస్‌పోర్టుకు పెట్టుకోవాల్సి వచ్చింది. స్టూడియోలో ఫోటో తీయడానికి ఇంకెవరూ లేరు. లైట్లు సర్ది, నన్ను పీట మీద నిలబెట్టి, ఆ నల్ల కోటు తొడుక్కుని తెర ముందు కూర్చున్నాడు. "కదలకుంట నొక్కు బిడ్డా," అన్నాడు. నొక్కాను. మా బాపును దుబాయికి పంపిన ఫోటో నేనే తీశాను. ఆయన పన్నెండేళ్ళు అక్కడే పనిచేశాడు. మధ్యలో మూడుసార్లు వచ్చాడు, వచ్చిన ప్రతిసారీ నాతో కొత్త మనిషితో మాట్లాడినట్టే మాట్లాడాడు. నాయనమ్మ పోయినప్పుడు రాలేకపోయాడు. నకిలీల మీద కసితోనే నేను ఈ పని నేర్చుకున్నాను.

ఇక ఆ సంచి సంగతి. కెమెరా బయటికి తీసి, అలవాటు ప్రకారం ముందు షట్టర్ నొక్కి చప్పుడు విన్నాను. తర్వాత లెన్స్ విప్పాను. నకిలీలో లోపల వాలుగా కోసిన ముక్క ఉంటుంది, అసలుదాంట్లో గుండ్రటి చిన్న చక్రం. నా కళ్ళ ముందు చక్రం ఉంది. అక్షరాల లోతు చూశాను, నంబరు చూశాను. లెన్స్ రింగు కింద, నా చింతపండు చేరని చోట, గోరంత వెడల్పున నల్ల రంగు మిగిలి ఉంది. ఫ్యాక్టరీలో వేసిన రంగు. ఆ రంగుతో అరుదుగా వచ్చే రకం. అరిగినా సరే, ఆ రంగు ఉంటేనే ధర. రంగు పోతే వేలంలో అడిగే దిక్కుండదు. దాన్ని నకిలీ అని ఏ వేలంలోనూ ఎవరూ చెప్పి ఉండరు, ఈ పని నేర్చుకోవడానికి వచ్చిన మొదటి నెల పిల్లవాడు కూడా చెప్పడు.

ఆ రోజు సెలవు పెట్టి ఇంటికి వచ్చేశాను. ఇప్పుడు స్టూడియో గదిలో సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. ఇళ్ళలో గోనెసంచుల్లో కొమ్ములు రుద్దేవాళ్ళు లేరు, మంచు కొండల తెర చినిగిపోయింది, కోటు ఏమైందో తెలియదు. బాపు ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నాడు. సంచి ఆయన ముందు పెట్టాను. ఆయన గుండీ విప్పి కెమెరాను బయటికి తీశాడు.

"చూసినవా?" అన్నాడు.

"చూసిన బాపూ."

"నకిలీదేనా?"

ఇన్నేళ్ళలో నేను నకిలీని అసలు అని గానీ, అసలును నకిలీ అని గానీ ఒక్కసారీ అనలేదు. "నకిలీదే బాపూ," అన్నాను.

ఆయన ఊపిరి వదిలి గోడకు జారగిలబడ్డాడు. "నేనప్పుడే చెప్పిన గద," అన్నాడు. ఏదో ఒకటి చేయాలని నేను కొంగుతో కెమెరా మీద దుమ్ము తుడవబోయాను. ఆయన చేయి చప్పున వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"తుడువకు బిడ్డా. ఎట్లున్నదో గట్లనె ఉండాలె."

ఆనాడు బొంబాయి మనిషి చెప్పిపోయిన మాట అదేనేమో, నోరు దాటాక గానీ ఏమన్నాడో ఆయనకు తెలియలేదు. ఇద్దరం తలలు వంచుకుని ఆ కెమెరా వైపే చూస్తూ కూర్చున్నాం. ఆయన మాత్రం నా చేయి వదల్లేదు.