డెల్ఫా కూర్చుంది

డెల్ఫా స్టిడమ్ ఆ స్టూలును దొంగచాటుగా తేలేదు. మంగళవారం పొద్దున్నే ఎత్తుకాళ్ళ కర్ర స్టూలును భుజాన వేసుకుని, కొట్టు ముందు తలుపులోంచే దర్జాగా వచ్చింది. బిల్లు కొట్టే యంత్రం వెనకాల దాన్ని దించి, పావడా సర్దుకున్నంత తీరిగ్గా దాని మీద కూర్చుంది. రెడ్‌ఆష్ ఊళ్ళో బడి ఎత్తేసి పిల్లల్ని ముప్పై మైళ్ళ అవతలి బడికి తోలినప్పుడు సామానంతా అమ్మకానికి పెట్టారు. అప్పుడు కొన్నదది.

కెంటకీ కొండల్లో గనులు మూతపడ్డాక ఆ ఊరికి మిగిలింది ఆ ఒక్క కిరాణా కొట్టే. డెల్ఫా అందులో చేరి ఆరేళ్ళు. ఇప్పుడు ఇరవై నాలుగు. రోజుకి ఎనిమిది గంటలు సిమెంటు నేల మీద నిలబడి, సాయంత్రం ఇంటికెళ్ళి కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకోవడం ఆమెకు పక్క వేసుకోవడం లాంటి అలవాటైపోయింది. అలవాటైనంత మాత్రాన సబబు అయిపోతుందా అని ఒకనాటి సాయంత్రం ఆ వేణ్ణీళ్ళలోనే అనిపించింది. అంతే, మర్నాడు స్టూలు వచ్చింది.

మేనేజరు డాయిల్ కూమ్స్ వచ్చి చూశాడు. డెల్ఫా వాళ్ళమ్మతో కలిసి చదువుకున్నవాడు, మంచివాడే. మంచివాళ్ళకి పైవాళ్ళంటే ఉండే భయం మాత్రం నిండా ఉంది.

"ఏంటిది పిల్లా?"

"స్టూలు."

"స్టూలని నాకూ తెలుసు. నువ్వెందుకు దాని మీదున్నావు?"

"మరెక్కడుండమంటావ్ బాబాయ్, దాని కిందా?"

పక్క కౌంటర్లో ఓపల్ కిసుక్కున నవ్వింది. ఓపల్‌కి అరవై దాటాయి. మధ్యాహ్నానికి ఆమె చీలమండలు బూట్లు దాటి పొంగుతాయి. అయినా ఒక్కనాడు గోడకి ఆనుకున్న మనిషి కాదు.

"కూర్చోకూడదు. రూలు," అన్నాడు డాయిల్.

"ఏ పేజీలో?"

చేరిన రోజున అందరి చేతా ఒక లావుపాటి పుస్తకం మీద సంతకం పెట్టిస్తారు. దాన్ని ఎవరూ చదవరు. డెల్ఫా చదివింది. జేబులో చేతులు పెట్టరాదని ఉంది. బబుల్‌గమ్ నమలరాదని ఉంది. పది అడుగుల దూరంలోకి వచ్చిన ప్రతి మనిషినీ నవ్వుతూ పలకరించాలని ఉంది. కూర్చోరాదని మాత్రం ఎక్కడా లేదు.

"రాయక్కర్లేదే అది. అందరికీ తెలుసు. కూర్చుంటే బద్ధకంగా కనపడతారు. వచ్చేవాళ్ళేమనుకుంటారు?"

"వచ్చేవాళ్ళు బీన్స్ కొనుక్కుని పోతారు. నా మోకాళ్ళతో వాళ్ళకేం పని?"

డాయిల్ తల గోక్కున్నాడు. "కాళ్ళు నొప్పులైతే డాక్టరు దగ్గర చీటీ పట్రా. పైకి పంపిస్తా. చీటీ ఉంటే ఎవరూ కాదనరు."

"నొప్పుల్లేవు. బానే ఉన్నాను."

"మరైతే నిలబడు!"

"బానే ఉన్నవాళ్ళు కూర్చోకూడదా?"

డాయిల్ గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. "శుక్రవారం హోలిస్ ప్రాథర్ వస్తున్నాడు, టీవీ వాళ్ళని వెంటేసుకుని. రాష్ట్ర అసెంబ్లీకి నిలబడ్డాడుగా. పైవాళ్ళు కూడా చూస్తారది. అప్పటికి ఇది ఇక్కడ ఉండకూడదు. కారణం చెప్పకుండా తీసేయొచ్చు నిన్ను, తెలుసుగా?"

తెలుసు. ఈ కొండల్లో పసిపిల్లలకి కూడా తెలుసా సంగతి. పెళ్ళాన్ని వదలాలంటే కోర్టుకెక్కాలి, అద్దెకున్నవాణ్ణి ఖాళీ చేయించాలంటే నోటీసివ్వాలి, పనిలో ఉన్నవాణ్ణి తీసెయ్యడానికి మాత్రం "రేపట్నించి రాకు" అన్న ఒక్క మాట చాలు. ఆ ఉద్యోగం పోతే డెల్ఫాకి ఊళ్ళో మరొకటి లేదు. కొండ దిగి ఏ లెక్సింగ్టను పట్నానికో పోవాలి. అమ్మమ్మని ఆక్సిజన్ గొట్టంతో ఒంటరిగా వదిలి పోవడం ఆమెవల్ల కాదు. అందుకని ఆ మూడు రోజులూ స్టూలు మీద కూర్చుని చాలా ఆలోచించింది. కూర్చుంటే బుర్ర కూడా పనిచేస్తుందని అప్పుడే తెలిసిందామెకి. బహుశా అందుకే కూర్చోనివ్వరేమో.

తాత గుర్తొచ్చాడు. నడుమెత్తు కూడా లేని సొరంగాల్లో ముప్పై ఏళ్ళు మోకాళ్ళ మీద పాకుతూ బొగ్గు తవ్విన మనిషి. పైకొచ్చాక నిటారుగా నిలబడటం మర్చిపోయాడు. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఎవడో ఒకడు వచ్చి ఆయన భుజం తట్టి, "మీరు తలెత్తుకు నిలబడ్డ జాతి" అనేవాడు. ఆయన దగ్గుతూ తలూపేవాడు. గని యూనియన్ రోజుల్లో, ఓటరుగా నమోదయ్యేటప్పుడే పార్టీ చెప్పాలి కనక, ఒక పార్టీలో పేరు రాయించుకున్నాడు. ఇవాళ్టికీ ఊరు ఊరంతా ఆ పార్టీ జాబితాలోనే ఉంది, ఓటు మాత్రం రెండో పార్టీకి వేస్తుంది. పేరెందుకు మార్చుకోరంటే, "మా నాన్న పేరు అందులోనే ఉందమ్మా" అంటారు. సర్కారు చెక్కుతో బతికేవాళ్ళంతా సోమరులని తిట్టిపోసే మనిషి కూడా చెక్కొచ్చే మూడో తారీఖున పోస్టు డబ్బా దగ్గరే నిలబడి ఉంటాడు. నాది వేరు, నాకు నడుం విరిగింది అంటాడు. నిజమే, విరిగింది. ఈ దేశంలో మనిషి కూర్చోవాలంటే ముందు ఏదో ఒకటి విరగాలి. విరిగిందని కాగితం కూడా ఉండాలి.

నేను విరగకముందే కూర్చుంటాను అనుకుంది డెల్ఫా.

శుక్రవారం ప్రాథర్ వచ్చాడు. ఇస్త్రీ మడతలు చెదరని జీన్స్ చొక్కా, మట్టి ఎరగని బూట్లు. ఓట్ల కోసం కొట్టుకి వచ్చినవాళ్ళు కొనేవాళ్ళ సంచులు సర్దిపెట్టడం ఆనవాయితీ. కెమెరా ముందు ఓపల్ పక్కన చేరి, కోడిగుడ్ల అట్ట అడుగున పెట్టి దాని మీద టమాటా డబ్బాలు పేర్చాడు.

"ఈ నాయన బడ్జెట్ కూడా ఇలాగే సర్దుతాడు కాబోలు," అని ఓపల్ గొణిగింది.

అప్పుడతని చూపు డెల్ఫా మీద పడింది. కూర్చుని బిల్లు కొడుతున్న పిల్ల. అతని మొహం ఒక్కసారిగా మెత్తబడిపోయింది. కెమెరా వాణ్ణి దగ్గరికి రమ్మని సైగచేసి, కౌంటరు మీదికి వంగి ఆమె చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఏమైంది తల్లీ నీ కాళ్ళకి?"

డెల్ఫాకి ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆమె నోరు తెరిచేలోపే అతను కెమెరా వైపు తిరిగాడు.

"చూశారా? నడవలేని ఆడపిల్ల. ఇంట్లో కూర్చుని సర్కారు చెక్కు తీసుకోవచ్చు. తీసుకోలేదు! పనికొచ్చింది. ఈ కొండల పౌరుషం ఇదీ! ఈ పిల్లకి కూర్చునే వీలు కల్పించిన ఈ కొట్టువాళ్ళకి నా దండం!"

ఎవరో చప్పట్లు కొట్టారు. అతని వెనకాల డాయిల్ మొహం వెలిగిపోయింది. కళ్ళతోనే బతిమాలుతున్నాడు, ఊరుకో పిల్లా, ఊరుకో, ఇక ఆ స్టూలు నీదే అని. ఓపల్ కూడా కన్నుగీటింది. ఒక్క నిమిషం నోరు మూసుకుంటే చాలు. రేపట్నుంచి ఎవరూ ఏమీ అనరు. పైవాళ్ళు దిండు కూడా పంపిస్తారు. ఊళ్ళో ఎంతమంది ఇంతకంటే పెద్ద అబద్ధాల మీద కూర్చోలేదు?

డెల్ఫా తన చెయ్యి వెనక్కి లాక్కుంది. స్టూలు దిగింది. కౌంటరు చుట్టూ తిరిగొచ్చి, అతని ముందు రెండు కాళ్ళతో నేల దబదబా తొక్కింది.

"నా కాళ్ళకేం కాలేదయ్యా. గుర్రంలా ఉన్నాను."

ప్రాథర్ నవ్వు అలాగే అతుక్కుపోయింది. "మరి... ఎందుకు కూర్చున్నావు తల్లీ?"

"ఈ పని కూర్చుని కూడా అవుతుంది కనక. మీరు గెలిస్తే అసెంబ్లీలో నిలబడుంటారా, కూర్చుంటారా?"

"మాట్లాడేటప్పుడు నిలబడతాం."

"మిగతాప్పుడో?"

అతను కెమెరా వాడి వంక చూశాడు. కెమెరా దిగిపోయింది.

"మీకేం విరిగిందని ఎవరూ అడగరుగా," అంది డెల్ఫా. "ఈవిడ ఓపల్ పిన్ని. ఈవిడ కాళ్ళు నిజంగానే పాడయ్యాయి, ఇక్కడ నిలబడే పాడయ్యాయి. ఆవిణ్ణి అడగలేదు మీరు, నిలబడుంది కదా అని."

ఓపల్ కాళ్ళు వెనక్కి లాక్కుంది, సిగ్గుపడి. "నన్నెందుకే ఇందులోకి లాగుతావు," అంది. ప్రాథర్ టైం చూసుకుని, అందరికీ దేవుడి దీవెనలు చెప్పి, గుడ్ల సంచీ అక్కడే వదిలి వెళ్ళిపోయాడు. డెల్ఫా మళ్ళీ ఎక్కి కూర్చుని, వరసలో ఉన్నావిడ పాల డబ్బా దగ్గరికి లాక్కుని బిల్లు కొట్టింది.

సాయంత్రం డాయిల్ స్టూలును తన గదిలోకి పట్టుకుపోయాడు. "నీకు అదృష్టం ఎదురొచ్చి ఒళ్ళో కూర్చుంటే తన్నావు కదే! రేపు నిలబడేటట్టయితే రా. లేకపోతే రాకు."

ఇంట్లో అమ్మమ్మ సంగతంతా విని, ఊపిరి కూడదీసుకుని, "మీ తాతకి లేని నోరు నీకెక్కణ్ణించొచ్చింది?" అంది. కోపమో మురిపెమో తేల్చలేదు. మొక్కజొన్న రొట్టె మాత్రం పెద్ద ముక్క కోసి పెట్టింది.

శనివారం డెల్ఫా వెళ్ళింది. స్టూలు లేదు. ముందు గుమ్మం దగ్గర కుక్కల మేత మూటలు పేర్చి ఉన్నాయి, ఒక్కోటి యాభై పౌన్లది. ఒకదాని తర్వాత ఒకటి మూడు ఈడ్చుకొచ్చి, యంత్రం వెనకాల దొంతర పెట్టి, దాని మీద కూర్చుంది. స్టూలంత ఎత్తు రాలేదు. గడ్డం దాకా కౌంటరే అయింది. చెయ్యి పైకెత్తి బిల్లు కొట్టాలి. కొట్టింది.

డాయిల్ గదిలోంచి వచ్చి నిలబడిపోయాడు. వరసలో ఏడుగురున్నారు. శనివారం రద్దీ. ఆ ఏడుగురూ నిన్నటి టీవీ చూశారో లేదో గాని, అందరి చూపూ అతని మీదే ఉంది.

"పిల్లా," అన్నాడు పళ్ళ బిగువున, "చెప్పానా లేదా?"

"చెప్పావు. నేనూ చెప్పాను. తీసేస్తే ఇక్కడే తియ్ బాబాయ్, వీళ్ళందరూ వింటారు. ఎందుకు తీశావో చెప్పక్కర్లేదులే, చూస్తున్నారుగా."

 ఓపల్ బిల్లు కొట్టడం ఆపేసి, చేతులు తుడుచుకుని, మూటల గుట్ట వైపు చూసింది. "నాకు రెండు చాలు డాయిల్. పొడుగు మనిషిని," అంది.

డాయిల్ ఆమెని చూశాడు, ఈమెని చూశాడు, వరసని చూశాడు. ఇద్దరినీ పంపేస్తే సాయంత్రం దాకా యంత్రం ముందు నిలబడాల్సింది తనే. చిటచిటలాడుతూ మూడో కౌంటర్లోకి దూరి, అది తెరిచినట్టు తెలిపే దీపం వెలిగించాడు. "ఇటు రండి, ఇక్కడ ఖాళీ," అని అరిచాడు.

తొందరలో ఉన్నాడేమో, ఒకాయన అటు వెళ్ళాడు. మిగతా ఆరుగురూ కదల్లేదు.