గోడ మీద నూనె మచ్చ

మంచిర్యాలలో ఒక గది అద్దెకు తీసుకుని దుకాణాలకు వెబ్‌సైట్లు చేసి పెడతాను. పేజీ వెనక పరిచే బ్యాక్‌గ్రౌండ్ ఎంచుకోవడానికే నాకు ఎక్కువ సమయం పడుతుంది. అరచేయంత బొమ్మ ఒకటి తీసుకుంటే, అదే పక్కపక్కనా, కిందా మీదా పరుచుకుంటూ పోయి పేజీ నిండుతుంది. అతుకు ఎక్కడా కనబడకూడదు. బొమ్మలో ఒక్క మరక ఉన్నా అది వరసలు వరసలుగా తేలి, చూపు అక్కడే చిక్కుకుంటుంది. అందుకే ముందు మరకలు తుడిచేస్తాను.

కాగజ్‌నగర్‌లో చీరల మీద జరీ పని చేసే ఒక ముస్లిం అక్క సైటు కావాలంది. ఆపా అనే పిలుస్తాను. నేను చూపించిన పూలు, నారబట్ట, పాత కాగితం, ఏవీ ఆమెకు నచ్చలేదు.

"గివన్నీ ఎవరియో చెల్లె. మా ఇంటి గోడ పెట్టరాదు?"

వాళ్లింటికి వెళ్లాను. కిటికీ పక్కన నీలం సున్నం వేసిన గోడను తనే చూపించింది. ఫొటో తెచ్చి, అతుకులు కలిపి, నడుమ ఉన్న గుండ్రటి నూనె మరకను తుడిచి పంపాను. కాసేపటికే ఫోన్ వచ్చింది.

"మచ్చ ఏడ పోయింది చెల్లె?"

"తుడిచేసిన ఆపా. మంచిగ కనబడదని."

"గా మచ్చ మా అమ్మీ తలకాయ ఆనిచ్చిన జాగ. గాడ కూసోనే కుట్టేది. నిరుడు పోయింది."

మరకను మళ్లీ పెట్టడానికి కూర్చున్నాను. పట్టపగలు. కింద రోడ్డు మీద ఆటోల మోత. మరకను పెద్దది చేసి చూస్తే, దాని అంచున సున్నంలో ఇరుక్కున్న ఒక తెల్ల వెంట్రుక కనబడింది. కంప్యూటర్ అలాగే వదిలేసి మెట్ల మీదికి వచ్చి నిలబడ్డాను.

మరక మళ్లీ పెట్టిన పేజీ చూడడానికి మర్నాడు ఆపా రైలెక్కి వచ్చింది. తెర మీద మరకను చూడగానే కొంగుతో మూతి కప్పుకుంది. కిందికి జరపమంది. జరిపాను. ఇంకో వరస, ఇంకో వరస, ఎంత జరిపినా వస్తూనే ఉన్నాయి.

"ఆపు, ఆపు" అని నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి. "గింతమంది అయింది అమ్మీ. ఎవరి దిక్కు సూడాలె నేను?"

"ఒక్కటే ఉండేటట్టు పెట్టాల్నా ఆపా?"

"వద్దు. తీసెయ్యి. ఇంట్ల ఉండనీ."

సాదా గోడతోనే సైటు మొదలైంది. చీరలు బాగానే అమ్ముడుపోతున్నాయని ఆపా చెబుతుంటుంది.

మొన్న కొత్త చీరల ఫొటోల కోసం వెళ్లాను. పండగకని ఆమె తమ్ముడు ఇల్లంతా సున్నం వేయించాడట. కిటికీ పక్కన నూనె మళ్లీ పైకి తేలి ఉంది.

"రెండు సార్లు ఏసిండు. ఆగలే" అంది ఆపా.

ఆ గోడ దగ్గరే మగ్గం చట్రం ముందు కూర్చుని కుడుతోంది. వెనక గోడ ఉన్నా వీపు ఆనించలేదు. మరకకూ ఆమె తలకూ నడుమ జానెడు ఖాళీ ఉంది. నేనున్నంతసేపూ ఆ ఖాళీ అలాగే ఉంది.