పెన్సిల్‌తో రాసిన గడి

ఆత్మకూరు బస్టాండు పక్క జిరాక్స్ షాపులో లామినేషన్ మిషన్ వేడెక్కి ప్లాస్టిక్ వాసన కొడితే చాలు, నాకు రమణమ్మక్క గుర్తొస్తుంది. ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగిన ఇన్సూరెన్స్ ఏజెంటు, నన్నూ ఏజెంటును చేసిన మనిషి. ఆమె పోయి రెండేళ్లయినా ఆ వాసనకు కళ్లు తడుస్తాయి, ఏం చేయను!

మర్రిపాడులో మా అత్తగారింటికి గొర్రెలే ఆధారం. వానలు మొహం చాటేసిన ఏడాది సగం మంద అమ్ముకున్నాం. నాకంటూ ఒక పని ఉంటే తప్ప ఇల్లు గడవదని రమణమ్మక్క దగ్గరికి వెళ్లాను. ఈ షాపు బల్ల మీదే ఏజెంటు ఫారం పరిచి, నా ఫొటో అంటించి, విద్యార్హత గడి దగ్గర ఆగింది.

"పది చదివినానక్కా," అన్నాను.

"చదివినావా, పాసైనావా?"

మా వైపు పదో తరగతి బెంచీ మీద కూర్చున్నవాళ్లంతా పది చదివినవాళ్లే. పాసా అని ఎవరూ అడగరు. 'పది చదివిన కోడలు' అని మా అత్త ఊరంతా చెప్పుకునేది. లెక్కల్లో తప్పానని ఆమెకూ తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"పాసని రాసెయ్యక్కా, ఎవరు చూస్తారు?"

"రేపు ఒకడు జబ్బు దాచి పాలసీ అడిగితే వద్దని ఏ మొహంతో చెప్తావే?" అని కసిరింది. కొప్పులోంచి పెన్సిల్ తీసి ఆ గడిలో 'పది పాస్' అని రాసింది. "పాసైనాక పెన్నుతో దిద్దుకో. అందాకా ఇది నా కాడే ఉంటాది."

మళ్లీ పరీక్షకు కట్టించింది. ఆదివారాలు వాళ్ల వరండాలో పాఠం. శాతాలు రాక ఏడిస్తే ఇంకా తిట్టింది.

"నూరు గొర్రెల్లో పన్నెండు సూడివై ఈనేట్టుంటే నూటికి ఎన్నే?"

"పన్నెండు."

"అదే పన్నెండు శాతం, మొద్దూ! పుట్టినప్పట్నించీ చేసే లెక్కకు ఏడుస్తావేంది?"

పాసయ్యాను. అక్క నా మార్కులు షాపంతా వినబడేలా చదివి, మెమో ఇక్కడే లామినేషన్ చేయించింది. తర్వాత సంచీలోంచి ఆ ఫారం తీసింది. మడతలు నలిగాయిగానీ ఫొటో చెక్కుచెదరలేదు. పెన్సిల్ రాత మీద పెన్నుతో ఒక్కో అక్షరం దిద్దాను. ఆ తర్వాతి ట్రైనింగు, ఏజెంటు పరీక్ష నాకు బరువనిపించలేదు. ఇంట్లో నిజం చెబితే మా అత్త మాత్రం, "మరి ఇన్నాళ్లూ ఊరంతా నేను చెప్పిందేంది?" అని రెండు రోజులు మూతి ముడుచుకుంది.

ఈరోజు ఏజెంటుగా చేరతానని అనంతసాగరం నుంచి ఒక అమ్మాయి వచ్చి, అదే బల్ల దగ్గర నా పక్కన నిలబడింది. "పది చదివినా మేడం," అంది.

"పాసైనావా?"

తల దించుకుంది. నా చెయ్యి దానంతటదే కొప్పు మీదికి పోయింది. పెన్సిల్ అక్కడే ఉంది.